దీవుల బెస్తల పేరు చెప్పి ఘేరీ రొయ్య అమ్మకండి

"ద్వీపాల మత్స్యకారులకు అండగా నిలుద్దాం" అనే ఫార్వర్డ్ మన ఒడిశా బరంపురం తెలుగు వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. పడవ, సూర్యాస్తమయం, దండం పెట్టే ఎమోజీలు, కింద ఆరు పాయింట్లు. గోపాలపురం నుంచి ఒకరు, ఛత్రపురం నుంచి ఒకరు పంపారు. రంభలో ఉండి రోజూ చిలికా సరస్సును చూసే మా బావగారు కూడా పంపి, "చదివావా?" అని ఫోన్ చేశారు. చదివాను బావగారూ. వేట చేసే ఇళ్ళలో పుట్టినవాళ్ళే దీన్ని పంచుతుంటే ఊరుకోబుద్ధి కాలేదు.

మొదటిది: "మాల్దీవుల్లో గాలంతోనే పడతారు, మనమూ వలలు మానేయాలి." అక్కడ గాలపు కర్రతో పట్టేది సూర చేపని. గుంపు కనబడగానే బతికున్న చిన్న చేపల్ని ఎరగా నీళ్ళలోకి చల్లుతారు. ఆ ఎర చేపల్ని పట్టేది వలతోనే. పద్ధతి మంచిదే, 2012లో దానికి ఎంఎస్‌సీ ధ్రువీకరణ (సముద్రాన్ని పాడుచేయని వేట అని ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) కూడా వచ్చింది. మరి మన నెత్తళ్ళ సంగతేమిటి? ఒక్కొక్క నెత్తల్లికీ గాలం వేయాలా? మెసేజి రాసినాయన ముందు ఒక కిలో పట్టి చూపిస్తే మనవాళ్ళు వలలు అటకెక్కిస్తారు.

రెండోది: "తాబేళ్ళు చేపలన్నీ తినేస్తున్నాయి, వాటి కోసం మన వేట ఆపుతున్నారు." రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గరికి గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ళు ఎక్కువగా తినేది పీతలు, నత్తలు, జెల్లీ చేపలు. వంజరం వెంటపడి పట్టుకునే తాబేలును నేనింతవరకు చూడలేదు. నవంబరు 1 నుంచి మే 31 దాకా మొగ దగ్గర 20 కిలోమీటర్ల వరకు ఉండే నిషేధం చిన్న పడవల వాళ్ళకి పెద్ద భారమే, దాని గురించి కొట్లాడాలి. కొట్లాడాల్సింది తాబేలుతో కాదు కదా.

"ఎర్ర కళ్ళ చేపకి ఫార్మలిన్ కొట్టారు", "పున్నమి నాడు పట్టిన చేప తినకూడదు." ఇవి మూడో, నాలుగో పాయింట్లు. వదిలేద్దాం.

నాకు ఒళ్ళు మండింది అయిదోదానికి. "చిలికా దీవుల్లో ఘేరీ రొయ్య సహజంగా పెరుగుతుంది. అదే కొనండి. దీవుల బెస్తలకి అన్నం పెట్టినట్టే."

ఎవరికి అన్నం? ఘేరీ అంటే ఏమిటో రంభ వాళ్ళకి నేను చెప్పాలా? లోతు తక్కువ చోట వెదుళ్ళు పాతి, దోమ కూడా దూరని నైలాన్ వల చుట్టి, కొన్నిచోట్ల మట్టిగట్టు కూడా వేసి, లోపల టైగర్ రొయ్య పిల్లని వదులుతారు. పెట్టుబడి బయటివాడిది, కాపలా వాడి మనుషులది. తన తాత వల వేసిన నీళ్ళ దగ్గర బెస్తవాడు కూలికి నిలబడతాడు. ఇదేమీ రహస్యం కాదు. 1991లో లీజు విధానం మార్చి బెస్తలు కానివాళ్ళకీ నీళ్ళు పంచినప్పటి నుంచి నడుస్తున్న గొడవే. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు చిలికా, పులికాట్ సరస్సులకి 1000 మీటర్ల లోపు రొయ్యల సాగు ఉండకూడదని తీర్పు చెప్పింది. 1999 మే 29న చిలికా దగ్గరి సోరాన్‌లో పోలీసు కాల్పుల్లో నలుగురు పోయారు. ఘేరీలు తీసేయమని ఉద్యమం చేసినవాళ్ళే వాళ్ళు. ఇవాళ అదే ఘేరీ రొయ్యని వాళ్ళ పేరు చెప్పి కొనమంటున్నారు. దండం పెట్టే ఎమోజీ ఇక్కడికి బాగా సరిపోయింది.

"పూర్వం జానో కట్టేవాళ్ళుగా, ఇదీ అదే" అని మెసేజిలో ఒక ముక్క కూడా ఉంది. జానో అంటే వానలు తగ్గాక నీరు దిగే కాలంలో కట్టి, సీజను అయ్యాక విప్పే వెదురు తడిక. సందుల్లోంచి చేపపిల్ల జారిపోయేది. ఘేరీ తీసేది ఎవరు? కోర్టు చెప్తే ఎక్స్‌కవేటర్ వస్తుంది, అది వెళ్ళగానే మళ్ళీ వెదుళ్ళు లేస్తాయి.

చిలికాలో రొయ్య, పీత, ఇంకా చాలా చేపలు సముద్రానికీ సరస్సుకీ మధ్య తిరుగుతూ బతుకుతాయి. దారి మూసుకుపోతే ఏమవుతుందో మనం చూశాం. చిలికా సముద్రంలో కలిసే పాత మొగ పూడిపోయి, 1990ల చివర్లో ఏడాదికి 2,000 టన్నుల చేప కూడా దొరకని రోజులవి. 2000 సెప్టెంబరు 23న కొత్త మొగ తవ్వారు. 2001-02 కల్లా 10,000 టన్నులు దాటింది. అంత ఖర్చు పెట్టి సముద్రం వైపు తలుపు తెరిచి, లోపల గదులన్నిటికీ తాళం వేసుకుంటే మొగలోంచి వచ్చిన పిల్ల ఎటు పోవాలి? దీవుల చుట్టూ ఉండే లోతు తక్కువ నీళ్ళే పిల్ల పెరిగే చోటు. ఘేరీలు లేచేదీ అక్కడే.

నిజంగా చిలికాలో పారికుడ్ వైపు దీవుల వాళ్ళకి సాయం చేయాలంటే వాళ్ళ సహకార సంఘాల లీజు నీళ్ళు వాళ్ళ చేతిలోనే ఉండాలి. చేప దిగేచోట ఐసు ఉండాలి. అప్పిచ్చిన దళారి చెప్పిన ధరకే అమ్ముకోవాల్సిన గతి పోవాలి. ఇవేవీ ఆరు పాయింట్లలో లేవు.

ఇక ఆరోది: "తరతరాల అనుభవం ఉన్న దీవులవాళ్ళకి రూల్స్ అక్కర్లేదు. అసలు నాశనం సన్నకన్ను వలల వల్లే." రెండు వాక్యాలు ఒకదానికొకటి పడవు, రాసినాయనకి పట్టలేదు. మొదటి వాక్యం ఉత్తమాట. రెండోది మాత్రం, ఒప్పుకోవాలి, చాలావరకు నిజం. జీరో వల (ఈ సన్నకన్ను వలే) వేసేది బయటివాడే కాదు, మనవాళ్ళూ వేస్తున్నారు. ఘేరీ వల్ల నీళ్ళు ఇరుకై, అప్పు పెరిగి వేస్తున్నారని నేను వాదించగలను. వాదించినా ఆ వల్లో పడ్డ గోరంత రొయ్య పిల్ల తిరిగి రాదు. రూలు ఉండాల్సిందే. అయితే ఆ వల ఏ బెస్త ఇంట్లోనూ అల్లింది కాదు, మిల్లులో నేసి బజారులో అమ్మేది. తనిఖీలు పడవ మీద మొదలై పడవ మీదే ఆగుతున్నాయి. అవి ముందు దుకాణం గడప ఎక్కాలి.