జనరేటరుకు కరివేపాకు పరదా

2024 జులైలో బెరిల్ తుపాను అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో హ్యూస్టన్ చుట్టుపక్కల 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు తీసేసి పోయింది. అప్పట్నుంచీ మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కడ చూసినా కిలోవాట్ల గొడవే. ఆ ఊపులోనే మా పక్కింటాయన 22 కిలోవాట్ల గ్యాస్ జనరేటరుకు అడ్వాన్సు కట్టేశాడు. మిషను కొనడానికి ఎంతసేపు! పర్మిట్ల దగ్గరే ఉంది తంటా అంతా. మొన్న గురువారం పదిమందిలో నవ్వులపాలైందీ అక్కడే.

పర్మిట్లు రెండు కావాలి. వైరింగుకూ, కరెంటు పోతే ఇంటిని జనరేటరు మీదికి మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్చుకూ లైసెన్సున్న ఎలక్ట్రీషియను ఒకటి తీస్తాడు, గ్యాస్ పైపుకు లైసెన్సున్న ప్లంబరు ఇంకొకటి తీస్తాడు. స్విచ్చు ఇల్లంతటికీ పెడితే మొత్తం లోడు మిషను మోయాలి. మోయలేకపోతే ఏసీలాంటి వాటిని దానంతటదే వదిలించుకునే ఏర్పాటైనా ఉండాలి. గ్యాస్ మీటరు సంగతి చాలామంది మర్చిపోతారు. ఇళ్లకుండే మామూలు మీటరు గంటకు 250 ఘనపుటడుగులు ఇస్తుంది. ఈ మిషను ఫుల్ లోడులో ఒక్కటే 300 పైన తాగుతుంది, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసూ పొయ్యీ అదనం. పెద్ద మీటరుకు ముందే అర్జీ పెట్టుకోకపోతే, ఇంట్లో అన్నీ నడుస్తున్న వేళ చూసుకుని గ్యాస్ చాలక ఆగిపోతుంది. పక్కింటాయన విషయంలో ఇవన్నీ సజావుగానే సాగాయి కాబట్టి వదిలేద్దాం.

చిక్కల్లా చోటు దగ్గర వచ్చింది. ఇంటి పక్క సందు 60 అంగుళాలు. గోడకూ మిషనుకూ మధ్య 18 వదలాలి, మిషను వెడల్పు 25, పోగా మిగిలేది 17. మిషను ముందు తలుపు తీసి పనిచేయడానికి 36 కావాలి. అందుకని పెరట్లోకి మార్చారు. అక్కడ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది గనక కిటికీకి 5 అడుగుల దూరం ఉండాలి, గ్యాస్ మీటరుకు 3 అడుగులు. అన్నీ కొలుచుకుంటూ పోతే దొరికింది ఒకే ఒక్క మూల. ఆ పెరటికి కంచె లేదు, వెనకే కాలనీ ఇళ్ల యజమానుల అసోసియేషన్ వారి చెరువూ, దాని చుట్టూ నడక దారీ.

టెక్సాస్‌లో 2015 నాటి చట్టం ప్రకారం అసోసియేషన్లు జనరేటరు వద్దనడానికి వీల్లేదు. ఇలా బయటికి కనబడేచోట మరుగు పెట్టమని మాత్రం అడగొచ్చు. వద్దనే అధికారం పోయిన అసోసియేషన్ కమిటీ చేతిలో ముఖ్యంగా మిగిలింది ఆ మరుగే. దాన్ని ఎంత భక్తిగా వాడుకుంటారో చెప్పతరం కాదు. 'ఎప్పుడూ పచ్చగా ఉండే మొక్కలతో దాచవలెను' అని ఉత్తరం వచ్చింది. ఇంటావిడ దగ్గర నిలువెత్తు కరివేపాకు కుండీలు మూడున్నాయి. వరసగా పేర్చేసింది.

గురువారం పొద్దున సిటీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. స్విచ్చు చూశాడు, ప్రమాదమొస్తే మిషను ఆపడానికి బయట ఉండాల్సిన ఎమర్జెన్సీ షటాఫ్ చూశాడు, అన్నిటికీ తలూపాడు. తర్వాత టేపు తీసి మిషను నుంచి కుండీకి పట్టాడు. 38 అంగుళాలు. అందరి మొహాలూ వెలిగాయి. తర్వాత ఆకు కొసకు పట్టాడు. 29. ఇంతలో గాలి వీచింది. 26. మిషను చుట్టూ మూడడుగులు ఖాళీ ఉండాలన్నది తయారీదారు రూలు. అది గాలితో చల్లబడే ఇంజను, ఆకులు జాలీకి అడ్డం పడితే వేడెక్కి ఆగిపోతుంది. సైలెన్సరు వైపున్న ఆకులైతే పోపులో వేసినట్టే. ఇంటాయన గబగబా వెళ్లి కొమ్మను రెండు చేతులా వెనక్కి లాగి పట్టుకుని, "ఇప్పుడు చూడండి సార్" అన్నాడు.

"కరెంటు పోయినప్పుడల్లా వచ్చి ఇలాగే పట్టుకుంటారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అప్పటికే నడక దారిలో జనం పోగయ్యారు. ఆరు నెలలకని పిల్లల దగ్గరికొచ్చిన పెద్దలందరికీ అది వాకింగ్ టైము. ఒక పెద్దాయన అక్కణ్ణుంచే, "నాలుగు రెమ్మలు తుంచి నాకిచ్చెయ్యమ్మా, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. ఇంటావిడ ఆయన వంక చూసిన చూపుకు ఏ పర్మిటూ అక్కర్లేదు. కుండీలు వెనక్కి జరుపుదామా అంటే, ఇంకో అడుగు దాటితే యుటిలిటీ ఈజ్‌మెంటు, అంటే కరెంటు, నీళ్ల లైన్లకని వదిలిన జాగా. అందులో ఏదీ పెట్టకూడదని అదే కమిటీ అదే ఉత్తరం రెండో పేజీలో రాసింది. ఇన్‌స్పెక్టరు తనిఖీలో తప్పినట్టు ఎర్ర కాగితం రాసి, తగిలించడానికి వేరే చోటు లేనట్టు కరివేపాకు కొమ్మకే గుచ్చి వెళ్లాడు. మళ్లీ తనిఖీకి మళ్లీ ఫీజు.

మొక్కల బదులు చెక్క తడిక కడతామని ఆ మధ్యాహ్నమే కమిటీకి రాశారు. తడిక సంగతి వచ్చే నెల మీటింగులో చూస్తాం, ఈలోగా మొక్క వివరాలు పంపండన్నారు: శాస్త్రీయ నామం, పూర్తి ఎత్తు, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుందా. చలికి తట్టుకోదు, డిసెంబరులో కుండీలు ఇంట్లోకి తెచ్చేస్తామని ఇంటావిడ నిజమే రాసింది. అరగంటలో జవాబొచ్చింది: అయితే చలికాలంలో జనరేటరును దేనితో దాస్తారు?