రెండు మైళ్ళు నడవక్కర్లేదు
జింకల వేట మీద మీరు రాసిన పోస్టులో "పబ్లిక్ ల్యాండ్‌లో (సర్కారు భూమిలో) జింక దొరకాలంటే పార్కింగ్ నుంచి రెండు మైళ్ళు లోపలికి నడవాల్సిందే" అన్నారు కానీ కొత్తవాళ్ళకి అది కరెక్ట్ కాదండీ, మా పెన్సిల్వేనియా స్టేట్ గేమ్ ల్యాండ్స్‌లో (అంటే వేటకి కేటాయించిన సర్కారు భూముల్లో) చాలామంది అదే చేస్తారు, రోడ్డు పక్కన ముళ్ళపొదల్ని ఎవడూ పట్టించుకోడు, జింకలేమో జనం సందడికి అక్కడే నక్కి పడుకుంటాయి. పైగా అంత లోపల కొట్టాక ఒక్కడే లాక్కురావాలంటే తాతలు దిగొస్తారు. ముందు గాలి చూసుకోండి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వాలు కిందికి జారుద్ది, ఎండెక్కాక పైకి పోద్ది, మన వాసన కూడా దాంతోనే జింకల దాకా పోద్ది. నేనైతే చిన్న పౌడర్ డబ్బా జేబులో పెట్టుకుంటా, కొంచెం నొక్కితే ఎటు పోతుందో తెలిసిపోద్ది. మిగతా వేటగాళ్ళకి మనం కనపడేలా వేసుకునే ఫ్లోరసెంట్ ఆరెంజ్ బట్టల గురించి ఒక్క ముక్క కూడా రాయలేదేంటి మరి? రైఫిల్ సీజన్‌లో ఇక్కడ తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాలు కనపడాలి.