రికార్డులకు మర్యాద తెలియదు

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అని చెప్పుకునే రోజులు పోయాయండీ. ఇప్పుడు మూతి చాలదట, స్కాన్ కాపీ కావాలట. చిక్కంతా అక్కడే వచ్చింది.

వంశవృక్షం పనికి దిగేవాడెవడైనా ముందే మనసులో ఒక ముత్తాతను తయారుచేసి పెట్టుకుంటాడు. కోరమీసం, గుర్రం, వీలైతే ఓ చిన్న కోట. ఇక రికార్డుల్లో ఆయన సంతకం పట్టుకోవడమే తరువాయి. తీరా పాత పెళ్లిళ్ల రిజిస్టరు తెరిస్తే, సంతకం చోట వంకరగా ఒక ఇంటూ మార్కు, దాని పక్కన గుమాస్తా చేతిరాతలో "ఈయన గుర్తు" అని ఒక ముక్క. వృత్తి గడిలో ఇంకా అన్యాయం. 1841లో ఇంగ్లండ్ జనాభా లెక్కలు రాసినవాళ్లకు వ్యవసాయ కూలీ అని పూర్తిగా రాసే ఓపిక కూడా లేక "ఏజీ ల్యాబ్" అని గీకి పారేశారు. కోట కట్టిన మనిషికి రెండు పొడి అక్షరాలా! పైగా ఆ ఏడాది పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును కిందున్న అయిదు ఎక్కానికి తగ్గించి రాయమన్నారు, దాంతో 34 ఏళ్లాయన కాస్తా 30 అయ్యాడు, పదేళ్లకు మళ్లీ లెక్క తీస్తే ఏకంగా 44 తేలాడు. వీళ్లిద్దరూ వేరువేరనుకుని ఒక తాతను అదనంగా కలుపుకున్న కుటుంబాలు ఉండే ఉంటాయి.

కాబట్టి నా పద్ధతి సింపుల్. నచ్చిన కాగితం ఆధారం, నచ్చనిది గుమాస్తా పొరపాటు. అసలు కాగితమే లేకపోతే మరీ మంచిది. అమెరికా 1890 జనాభా లెక్కలు 1921 అగ్నిప్రమాదంలో చాలావరకు పాడైపోయాయి. 1922లో డబ్లిన్ రికార్డుల కార్యాలయం తగలబడింది. ఇంగ్లండ్, వేల్స్‌ల 1931 లెక్కలు 1942లో బూడిదయ్యాయి. మన రాజావారు సరిగ్గా ఆ కట్టల్లోనే ఉండేవారు, కాదని నిరూపించమనండి చూద్దాం! మిగిలినవాటికి గడువులున్నాయి: అమెరికాలో జనాభా లెక్కల వివరాలు 72 ఏళ్లు, బ్రిటన్‌లో 100 ఏళ్లు బయటపెట్టరు. ఆ లోపల ఎన్ని కోతలు కోసినా అడిగే నాథుడుండడు.

అలాగని చెట్టులో రాజు లేడని నేననడం లేదు. తరానికి రెట్టింపు చొప్పున 20 తరాలు వెనక్కి వెళ్తే పైవరసలో 10,48,576 స్థానాలు తేలతాయి, 30 తరాలకు వంద కోట్లు దాటతాయి, అప్పటి ప్రపంచ జనాభాయే అంత లేదు, అంటే ఒకే మనిషి బోలెడు కొమ్మల మీద కూర్చున్నాడన్నమాట. ఇంతమందిలో రాజొకడు తగలకపోతేనే వింత. కాకపోతే ఆయన గుర్రానికి గడ్డి వేసినవాడు ఇంకా ఎక్కువసార్లు తగులుతాడు. ఆ కొమ్మకు ఎవరూ ఫ్రేము కట్టించరు.

ఆ ఇంటూ మార్కు సంగతి మాత్రం నేను తేల్చేశాను. చదువు రాక పెట్టింది కాదు. ఒక్కసారి పరీక్షగా చూడండి, రెండు కత్తులు ఏటవాలుగా దూసినట్టు లేదూ? రాజముద్ర. పాపం, గుమాస్తాకు అర్థం కాలేదు.