పండ్ల బుట్టల చాటున పడక పుండ్లు

అంతర్జాతీయ వయోవృద్ధుల దినోత్సవం ఈ అక్టోబరు 1న కూడా ఆనవాయితీ ప్రకారం గడిచిపోయింది. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల వృద్ధాశ్రమాల్లో అవ్వాతాతలకు శాలువాలు కప్పారు, అరటిపండ్లు, బ్రెడ్డు ప్యాకెట్లు పంచారు, ఫొటోలు దిగారు. అతిథుల్లో ఎందరు వసారా దాటి లోపలి గదుల్లోకి వెళ్లారో, మంచం పట్టిన మనిషిని ఒక పక్కకు తిప్పించి వీపు చూడాలని ఎందరికి తోచిందో అడిగితే జవాబు చెప్పేవారుండరు.

మంచం మీదనుంచి లేవలేని వారిని రెండు గంటలకొకసారి పక్క మార్చకపోతే ఒత్తిడి పడిన చోట చర్మం చిట్లి పుండవుతుంది. పట్టించుకోకపోతే అది ఎముక దాకా పోతుంది. వంటమనిషి త్వరగా ఇల్లు చేరాలని సాయంత్రం ఆరింటికే అన్నం పెట్టేస్తే, చక్కెర వ్యాధికి మందులు వాడేవారికి తెల్లవారుజామున చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. పళ్లు లేని నోటికి సంగటిని పలచగా కలిపి తినిపించడానికి ఒక మనిషి, ఓపిక కావాలి. ఎండలు నలభై డిగ్రీలు దాటే ఈ సీమలో రేకుల కప్పు కింద పడుకునే ముసలివారికి దాహం సరిగా తెలియదు. రాత్రి బాత్రూముకు లేపేవారు లేరన్న భయంతో నీళ్లు తాగడమే మానుకునేవారూ ఉంటారు. వీటిలో ఏ ఒక్కటీ పండ్లు పంచితే తీరేది కాదు. రాత్రి మేలుకుని ఉండే ఆయా, క్రమం తప్పక వచ్చే నర్సు, ఎవరికి ఏ మాత్ర ఎప్పుడు వేశారో రాసిపెట్టే పుస్తకం ఉంటే తీరుతుంది.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోనే వచ్చింది. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాలతో మొదలుపెట్టాలని దాని 19వ సెక్షన్ చెబుతూనే, ఏర్పాటును రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. ఆశ్రమాల నమోదును, కనీస ప్రమాణాలను తప్పనిసరి చేయాలని 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చిన సవరణ బిల్లు చట్టం కాలేదు. ప్రభుత్వం చేయని పనిని దాతలు, ట్రస్టులు నెత్తికెత్తుకున్నాయి కాబట్టి వారిని ప్రశ్నించడానికి ప్రభుత్వానికి మొహమాటం. తాను చేయాల్సింది చేయక, చేసేవారిని తనిఖీ చేయక, ఏటా ఒక పూట వెళ్లి సన్మానించి రావడాన్ని సేవ అనుకోలేము. ఇది చేతులు దులుపుకోవడమే.

ఆశ్రమాలు ఊరికే నిండడం లేదు. ఆదోని, కోసిగి ప్రాంతాల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు, అనంతపురం పల్లెల నుంచి బెంగళూరుకు, కడప జిల్లా నుంచి కువైట్‌కు వలస పోయే కుటుంబాల్లో ఇంటికి మిగిలేది ముసలివారే. కన్నబిడ్డలను తిట్టిపోయడం తేలిక. తిట్టినంత మాత్రాన రాత్రిపూట డైపరు మార్చే మనిషి రాడు.

నిబంధనలు బిగిస్తే చిన్న ఆశ్రమాలు మూతపడి వృద్ధులు రోడ్డున పడతారని నిర్వాహకులు అంటున్నారు, విరాళాలు చాలవన్న వారి మాటలోనూ నిజముంది. అయితే మంచం పట్టిన వారిని పక్క మార్చడానికి, మార్చిన వేళను గోడమీది కాగితంపై గీయడానికి పెద్ద విరాళాలేమీ అక్కరలేదు. ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను నెలకు రూ.4,000 వస్తోంది. ఆశ్రమంలో ఉన్నవారి పింఛను ఎవరి చేతికి పోతోంది, ఏటీఎం కార్డు ఎవరి బీరువాలో ఉంది అన్నది కూడా చిన్న ఆశ్రమమైనా పెద్ద ఆశ్రమమైనా చెప్పి తీరాల్సిన లెక్క. ఉచితంగా అన్నం పెడుతున్నాం కాబట్టి అడగవద్దన్న వాదనను ఒక్కసారి ఒప్పుకుంటే రేపు అనాథ పిల్లల హాస్టలూ, మతిస్థిమితం లేనివారి ఆశ్రయమూ అదే మాట అంటాయి.

ఆ 2007 చట్టం కింద పిల్లల నుంచి పోషణ ఖర్చు ఇప్పించే ట్రిబ్యునళ్లకు అధ్యక్షత వహించే ఆర్డీవోలకు తమ డివిజన్‌లో ఏ ఆశ్రమం ఎక్కడుందో తెలియదనుకోలేము. వృద్ధుల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది, కానీ మంచం దిగలేని మనిషి ఏ ఫోను అందుకుని ఫిర్యాదు చేయాలి? ఆ ఫిర్యాదు వచ్చేదాకా ఆగకుండా, ముందుగా కబురు పంపకుండా, కెమెరాలు వెంట లేకుండా, ఒక డాక్టరును తోడు తీసుకుని రాత్రి తొమ్మిది దాటాక ఆశ్రమం తలుపు తట్టమని ఆర్డీవోలను అడుగుతున్నాం. దీనికి కొత్త జీవో అక్కరలేదు, నిధులు మంజూరు కావాల్సిన పని లేదు. ఇన్నేళ్లుగా ఈ మాత్రం తీరిక ఎందుకు దొరకలేదో కలెక్టర్లు తమ సిబ్బందిని అడగాలి, తమను తామూ ప్రశ్నించుకోవాలి.