యూరియా కట్ట ఎక్కడ పెట్టాలి?

మా ఇంట్లో ఒక్క బండికే నిధులు మంజూరయ్యాయి. ఆ ఒక్క బండే తెల్లారి పొలానికి యూరియా మోయాలి, సాయంత్రం గేదెలకి గడ్డి తేవాలి, ఆదివారం వచ్చేసరికి ట్రైల్ రైడింగ్ చేయాలి. మొదటి రెండూ మా నాన్న షరతులు. మూడోది మా బావమరిది నా బుర్రలోకి ఎక్కించింది.

ఇలాంటి చిక్కు వచ్చినప్పుడు ప్రభుత్వాలు ఏం చేస్తాయో నేనూ అదే చేశాను. ఏకసభ్య కమిషన్ వేశాను. ఆ సభ్యుణ్ణి నేనే. నెల గడువు పెట్టుకుని, ఆనవాయితీ ప్రకారం మూడుసార్లు పొడిగించుకున్నాను. ఇదిగో నివేదిక. అసెంబ్లీలో పెట్టే పని లేదు, మా ఆవిడ ముందు పెడితే చాలు.

కమిషన్‌కి మొదట అడ్డుపడింది ట్రైల్ అనే మాటే. మా బావమరిది విజయవాడలో ఉంటాడు, సాఫ్ట్‌వేరు. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాడు. వారం మొత్తం మీద వాడు పదింటికి ముందు లేచేది ఆ ఒక్కరోజే. మోకాళ్ళకి డిప్పలు, మోచేతులకి డిప్పలు, ఛాతీకి కవచం, పిక్కల దాకా బూట్లు వేసుకుని మరో ఏడుగురితో కలిసి బయల్దేరతాడు. మేం మిరపచేలో పురుగుమందు కొట్టేటప్పుడు అందులో పదోవంతు వేసుకున్నా డాక్టర్లు సంతోషిస్తారు. మొదట్లో వాళ్ళు కొండవీడు వెళ్ళేవాళ్ళు. రెడ్డిరాజుల కోట, మంచి గాలి, అన్నీ బాగానే ఉన్నాయి గానీ కొండమీదికి ఘాట్ రోడ్డు పడిపోయింది. తారురోడ్డు మీద పోతే అది ట్రైల్ కాదట, ప్రయాణమట.

ఒకరోజు వాడు ఫోన్ తీసి ఫొటో చూపించాడు. రెండు గాడులు, మధ్యలో గడ్డి, అటూ ఇటూ తుమ్మచెట్లు, అక్కడక్కడా మోకాలి లోతు గుంటలు. "చూశావా బావా, ఇంతవరకూ ఎవరూ ఎక్స్‌ప్లోర్ చేయని ట్రైల్!"

చూశాను. అది మా డొంక. కుడిపక్క వంగి ఉన్న తుమ్మచెట్టు కింద మా తాత ఎడ్లబండి విప్పేవాడు.

డొంక అంటే పల్లెటూరి వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: పొలాల మధ్యన బళ్ళు పోవడానికి పెద్దలు వదిలిన దారి. రికార్డుల్లో దాని వెడల్పు మారదు. నేలమీద మాత్రం అటు గట్టు ఓ జానెడు, ఇటు గట్టు ఓ జానెడు ఏటా లోపలికి జరుగుతూ ఉంటాయి. ఎవరూ జరిపినట్టు ఉండదు. డొంకతిరుగుడు అనే మాట ఎలా పుట్టిందో తెలుసుకోవాలంటే వానాకాలంలో ప్రత్తిపాడు దాటి మా పొలానికి రండి. నడిచి రండి.

ట్రైల్ అంటే డొంకేనని తేలాక కమిషన్ పని తేలికవ్వాలి. కాలేదు. గుంటూరులో ఒక షోరూముకి వెళ్ళాను.

"దీన్ని డ్యూయల్ పర్పస్ అంటారు సార్" అన్నాడు అక్కడి కుర్రాడు.

"ఏమేం పర్పసులు బాబూ?"

"రోడ్డు ఉన్నచోటా పోద్ది, రోడ్డు లేనిచోటా పోద్ది సార్."

"మా ఊళ్ళో ఆ రెండిటికీ తేడా తెలీదు. మూడోది చెప్పు. యూరియా కట్ట ఎక్కడ పెట్టాలి?"

కుర్రాడు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. తనూ అప్పుడే చూస్తున్నట్టు తిరిగాడు. ట్యాంకు వంక చూశాడు, వెనక అరచెయ్యంత ర్యాక్ వంక చూశాడు, చివరికి మేనేజరు వంక చూశాడు. మేనేజరుగారు వచ్చి ఈఎంఐ గురించి చెప్పారు.

ఆ రోజునుంచి కమిషన్ సీసీలు, హార్స్‌పవర్లు పక్కన పడేసి కట్టనే కొలతగా తీసుకుంది. కట్ట అంటే 45 కిలోలు. 2018కి ముందు 50 ఉండేది. యూరియా వాడకం తగ్గించాలని బస్తా తగ్గించారు. రైతులు బస్తాల లెక్క పెంచి సరిచేసుకున్నారు. ఈ కొలతతో చూస్తే బళ్ళ బండారం బయటపడింది. ట్రైల్ బళ్ళలో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బరువు 196 కిలోలు, అంటే నాలుగు కట్టలూ పైన పదహారు కిలోలు. హీరో ఎక్స్‌పల్స్ 200 మూడున్నర కట్టలు. మా నాన్న టీవీఎస్ ఎక్సెల్ రెండు కట్టలకి లోపు. ఆ రెండు కట్టల బండి 130 కిలోలు మోస్తుందని కంపెనీవాళ్ళే కాగితం మీద రాసిచ్చారు. అందులో నడిపేవాడి బరువు కూడా కలిసే ఉంటుందన్న సంగతి మా ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, చెప్పినా నమ్మరు.

మధ్యలో ఒక మాట. ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో 2021లో నానో యూరియా తెచ్చింది. అర లీటరు సీసా. అదైతే ఏ బండి మీదైనా జేబులో పడుతుంది. ఆ షోరూము కుర్రాడు ఈ పాయింటు అందుకుని ఉంటే నేను అక్కడికక్కడే అడ్వాన్సు కట్టేవాణ్ణి. మా నాన్న మాత్రం సీసాని ఎరువుగా ఒప్పుకోడు. "సీసాలో ఉండేది వేరేరా" అంటాడు.

ఎక్సెల్ గురించి కమిషన్ నిష్పక్షపాతంగా మాట్లాడలేదు. దాని మీదే పెరిగాను. 1980లో టీవీఎస్ 50 వచ్చింది, ఇద్దరు ఎక్కే మోపెడ్ దేశంలో అదే మొదటిది. ఇద్దరే ఎక్కాలన్న నియమాన్ని మా ఊరు ఆ ఏడాదే అతిక్రమించి ఉంటుంది. ఆ వంశంలో బండికి గేరు లేదు, క్లచ్చి లేదు, గొప్పలు లేవు. కాళ్ళ దగ్గర ఖాళీ చోటు ఉంటుంది. కట్ట అక్కడ పెట్టుకుని, కాళ్ళు దానికి అటూ ఇటూ వేసుకుంటే బరువు నేలకి దగ్గరగా ఉండి బండి గుడిలో నందిలా కదలకుండా పోతుంది. అదే కట్ట వెనక క్యారియర్ మీద పెడితే ముందు చక్రం తేలిపోతుంది, హ్యాండిల్ మన మాట వినదు. సాయంత్రం అటూ ఇటూ గడ్డిమోపులు కట్టుకుని మా నాన్న వస్తుంటే వెనకనుంచి మనిషీ కనపడడు, బండీ కనపడదు. గడ్డి తనంతట తానే ఇంటికి వస్తున్నట్టు ఉంటుంది.

పాత టూస్ట్రోక్ ఎక్సెల్‌కి ఇంకో గొప్పదనం ఉండేది. దాంట్లో ఆయిలు కలిపిన పెట్రోలే పోసేవాళ్ళం, పవర్ స్ప్రేయర్‌కీ అదే కావాలి. చేలో మందు సగం కొట్టాక స్ప్రేయర్ ఆగిపోతే బండి దగ్గరికి వచ్చి, ట్యాంకు కింద పైపు లాగి, కూల్‌డ్రింకు సీసా పట్టేవాళ్ళం. ఒక్క ట్యాంకు, రెండు ఇంజన్లు. అసలు డ్యూయల్ పర్పస్ అంటే అది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే పొగ నిబంధన వచ్చింది, పొగ తగ్గింది, మంచిదే. చాలా బళ్ళకి ఫ్యూయల్ ఇంజెక్షన్ కూడా వచ్చింది. ఇప్పుడు కొత్త బండి దగ్గరికి సీసా పట్టుకుని వెళితే ఏ పైపు లాగాలో తెలీదు. లాగితే వారంటీ పోతుందని తెలుసు.

ఇంత చెప్పాక కమిషన్ ట్రైల్ బండికి అన్యాయం చేసిందనుకోకండి. నల్లరేగడి దగ్గరికి వచ్చేసరికి నా మనసు మారింది.

జూలైలో నాలుగు వానలు పడ్డాక మా నేల గారెల పిండిలా తయారవుతుంది. మామూలు బండికి ముందు మడ్‌గార్డు టైరుని ఆనుకునే ఉంటుంది. చక్రం తిరుగుతున్న కొద్దీ మట్టి ఆ సందులోకి ఎక్కుతుంది. పది గజాలకి సందు నిండుతుంది. ఇరవై గజాలకి చక్రం తిరగడం మానేసి నేలమీద జారడం మొదలుపెడుతుంది. దిగాలి. చెప్పులు అక్కడే దిగబడతాయి. గట్టుమీద పోసిన పోయినేటి పత్తికట్టె ఒకటి లాగి సందులో గుచ్చాలి. కట్టె విరుగుతుంది గానీ మట్టి రాదు. ఇంకో కట్టె. ఈసారి ఓ ముద్ద ఊడి పాదం మీద పడుతుంది. నాలుగు కట్టెలు విరిగాక చక్రం అరచుట్టు తిరుగుతుంది. ఎక్కి మళ్ళీ పది గజాలు. అందుకే మా ఊళ్ళో కొందరు వానాకాలం రాగానే ముందు మడ్‌గార్డు ఊడదీసి కొట్టంలో వేలాడదీస్తారు, దీపావళికి మళ్ళీ బిగిస్తారు. అప్పటిదాకా బురద అంతా మొహానికే.

ట్రైల్ బండికి ఆ మడ్‌గార్డు జానెడు పైన, కొంగ ముక్కులా ఉంటుంది. మట్టి ఎంత వచ్చినా కింద రాలిపోతుంది. 21 అంగుళాల ముందు చక్రం గుంటలోంచి ఎక్కి వచ్చేస్తుంది, 220 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్‌తో గాడి మధ్య గడ్డిదుబ్బు ఇంజన్‌కి తగలదు. ఇది చూసినప్పుడు, ఈ బండి గీసినవాడు ఎవడో మా డొంకలో ఓ వానాకాలం గడిపాడనిపించింది. మా బావమరిది ఇంకాస్త ముందుకెళ్ళి బొడిపెల టైర్లు వేయించుకున్నాడు. నల్లరేగడి బొడిపెల సందుల్లో కూడా దూరింది. రెండు నిమిషాల్లో టైరు బూరెలా నున్నగా తయారైంది. వాడు డొంక పొడుగునా జారుతూనే వెళ్ళి, దాన్ని టెక్నిక్ అన్నాడు.

ప్రపంచంలో మరెవరికీ ఈ బాధ లేదా అని కమిషన్ విదేశాలు కూడా పరిశీలించింది. సొంత ఖర్చు మీద, ఫోన్లో. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో పొలం పనికనే చేసిన బళ్ళు వాడతారు. యమహా ఏజీ 200 అని ఒకటుంది. ముందొక క్యారియర్, వెనకొక క్యారియర్, స్టాండు రెండు పక్కలా. ఏటవాలు నేలలో ఎటు వీలైతే అటు వేసుకోవచ్చు. గేరులో ఉండగానే క్లచ్చి నొక్కిపట్టే కొక్కెం కూడా ఉంది. ఎందుకూ అంటే, రైతు ఇంజన్ ఆపకుండా దిగి పొలం గేటు తీసుకుని రావడానికట. గొర్రెలు కాసే కుక్క వెనక క్యారియర్ మీద కూర్చుంటుంది. చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. ఇలాంటిది మన షోరూముల్లో కనపడదు. అయినా మా పొలానికి గేటేది? ఉన్నదల్లా గట్టు మీద పక్కచేను వాడు పడేసిన తుమ్మకంప. క్లచ్చి కొక్కేనికి అది చాలా చిన్న పని. మా కుక్క అయితే బండి ఎక్కదు, వెంటపడి మొరుగుతుంది.

ఇక మిగిలింది క్షేత్ర పరీక్ష. మా బావమరిది ఒక్కరోజుకి తన బండి ఇచ్చాడు. ఏ బండో చెప్పను, జరిగినదాంట్లో దాని తప్పేమీ లేదు.

సీటు చూసి మా నాన్న "దీనికి నిచ్చెన కూడా ఇస్తారా?" అన్నాడు. చేలో సైడ్ స్టాండు వేశాను. నేను రెండడుగులు వేసేలోపు స్టాండు మెత్తటి మట్టిలో దిగిపోయి బండి మెల్లగా పడుకుంది. దానికి స్టాండు కింద పెట్టే అల్యూమినియం బిళ్ళ ఆన్‌లైన్‌లో దొరుకుతుందట. మేం పెంకుముక్క పెడతాం.

తర్వాత కట్ట. కాళ్ళ దగ్గర చోటు లేదు, అక్కడ ఇంజన్ ఉంది. ర్యాక్ సంక్రాంతి అరిసెల డబ్బా వరకే మోసేట్టుంది. సీటు వెనక భాగంలో అడ్డంగా పడుకోబెట్టి, లారీ ట్యూబు కోసిన పట్టీలతో బిగించాను. బాగానే నిలిచింది. డొంక ఎక్కాను. గుంటలు, గాడులు, ఏవీ తెలియలేదు. సస్పెన్షన్ అంటే ఏమిటో నలభై ఏళ్ళ వయసులో తెలిసింది. మధ్యలో సన్నగా ఏదో కాలుతున్న వాసన వచ్చింది. ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకున్నాను.

ట్రైల్ బళ్ళకి వాగులు దాటేటప్పుడు నీళ్ళు దూరకుండా సైలెన్సర్ పైకి ఎత్తి, కుడిపక్క సీటు కిందగా పెడతారు. మంచి ఆలోచనే. నా కట్ట కుడి మూల దాని కొసకి ఆనుకుంది. అది ప్లాస్టిక్ సంచి. చేలోకి వచ్చి పట్టీలు విప్పేసరికి కట్ట సగానికి చిక్కిపోయి ఉంది. వెనక్కి తిరిగి చూశాను. డొంక కుడిపక్కన, వంగిన తుమ్మచెట్టు దగ్గరినుంచి నా దాకా, ముగ్గు పోసినట్టు తెల్లటి గీత.

కట్ట ధర 266 రూపాయల 50 పైసలే. కానీ దానికోసం మా నాన్న పొద్దున్నే వెళ్ళి, క్యూలో చెప్పులు పెట్టి, ఆ చెప్పులకి కాపలా ఉండి తెచ్చాడు. ఆయన ఏమీ అనలేదు. ఆ గీత వెంబడే డొంక చివరిదాకా నడిచి వెళ్ళి తిరిగొచ్చాడు.

"వంకర లేకుండానే నడిపావురా" అన్నాడు.

నివేదిక ప్రస్తుతం మా ఆవిడ పరిశీలనలో ఉంది. వాళ్ళ తమ్ముడి బండిని అందులో తక్కువచేసి రాశానని, దీనిమీద ఉపసంఘం వేయాలని అంటోంది.

ఈలోగా రెండు వానలు పడ్డాయి. పోయిన ఆదివారం మా బావమరిది ఫొటో పంపాడు. డొంకలో వరసగా ఎనిమిది బళ్ళు. పక్కన పొడుగునా మోకాలెత్తు గడ్డి, నిగనిగలాడుతూ, తాడు పట్టి నాటినట్టు ఒకే గీతలో. "చూడు బావా, మనిషి చెయ్యి పడకపోతే ప్రకృతి ఎంత బాగుంటుందో" అని కింద రాశాడు.

ఫోన్ మా నాన్న చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని కాసేపు చూశాడు. గోడకి వేలాడుతున్న కొడవలి తీసుకుని ఎక్సెల్ స్టార్ట్ చేశాడు.