రెండోసారి పిలవలేదు

1893 జనవరి 18న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ఇంగ్లండు స్వరకర్త ఎథెల్ స్మిత్ రాసిన 'మాస్ ఇన్ డి'ని మొదటిసారి పాడారు. చర్చి ఆరాధనలోని లాటిన్ ప్రార్థనలకు పెద్ద బృందగానం, ఆర్కెస్ట్రా, నలుగురు సోలో గాయకులతో గంటసేపు సాగే సంగీతం అది. అప్పటికి ఆమెకు 34 ఏళ్లు. జనం బాగానే మెచ్చుకున్నారు. అయినా అది మళ్లీ వేదికెక్కింది 1924లో, బర్మింగ్‌హామ్‌లో.

నడుమ 31 ఏళ్లు! పాటలో సత్తా లేక మరుగున పడిందంటే నేను ఒప్పుకోను. ఆ మొదటి ప్రదర్శన వెనక పెద్దల అండ ఉంది. విక్టోరియా రాణి ముందు స్మిత్ పియానో వాయిస్తూ అన్ని గొంతుల భాగాలూ తానొక్కతే పాడి వినిపించింది. అచ్చు ఖర్చు ఫ్రాన్స్ మాజీ మహారాణి యూజెనీ భరించింది. అంత సిఫారసుతో ఆల్బర్ట్ హాల్ తలుపులు తెరుచుకున్నాయి సరే, ఇంగ్లండులో ఇలాంటి రచన బతకాలంటే ఊరూరా ఉన్న గాయక బృందాలు దాన్ని ఎత్తుకోవాలి. అవి ఎత్తుకోలేదు. విమర్శకుల్లో చాలామందికి సంగీతం కంటే, రాసింది ఆడమనిషన్న సంగతే పెద్ద వార్త అయింది. అప్పట్లో సంగీత విమర్శలు రాస్తున్న బెర్నార్డ్ షా కూడా పెద్దగా మెచ్చలేదు. ఆ షానే, కళలో మగవాళ్ల పని ఆడవాళ్లు చేయలేరన్న భ్రమ మీ సంగీతంతోనే వదిలిందని 1924లో ఆమెకు ఉత్తరం రాశాడు. ఆలస్యమైనా, నయమే.

ఇక వినండి. 'ప్రభువా, కరుణించు' అని వేడుకునే మొదటి భాగం కీరియే బేస్ గొంతుల్లో, అంటే మగవాళ్ల లోతైన గొంతుల్లో, సన్నగా మొదలై, ఒక్కో గొంతూ చేరుతూ హాలు నిండేదాకా పెరుగుతుంది. ఇవే ప్రార్థనలకు బీథోవెన్ రాసిన 'మిస్సా సొలెమ్నిస్' నీడ ఉంది, కాదనను. విశ్వాసాన్ని ప్రకటించే క్రెడో కొంచెం సాగదీసినట్టే ఉంటుంది. కానీ అసలు సాహసం దేవుణ్ని స్తుతించే గ్లోరియాది. లాటిన్ క్రమంలో అది రెండోది. స్మిత్ ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) పద్ధతిలో దాన్ని చివరికి జరిపింది. శాంతినివ్వమని వేడుకునే ఆగ్నుస్ దేయి ముగిశాక ఆ ఉత్సాహం ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. విన్నాక పాత క్రమం చప్పగా అనిపిస్తుంది. తమాషా ఏమిటంటే, ఇది రాసి ముగించాక ఆమెకు మతవిశ్వాసమే సడలిపోయింది. దీన్ని చూసిన జర్మన్ ఆర్కెస్ట్రా నిర్వాహకుడు హెర్మన్ లేవీ ఒపెరా రాయమన్నాడు, ఆమె అటు వెళ్లింది.

2022లో లండన్‌లో ఏటా వేసవిలో జరిగే సంగీతోత్సవం ప్రామ్స్‌లోనూ దీన్ని పాడారు. సంతోషమే. అయితే ఇప్పటికీ స్మిత్ పేరెత్తితే ముందొచ్చేది మహిళల ఓటుహక్కు పోరాటం, 1912 జైలు, అక్కడ కిటికీలోంచి టూత్‌బ్రష్ ఊపుతూ తోటి ఖైదీల పాట నడిపించిన కథ. ఆనాడు ఆడమనిషని అనుమానించారు, ఈనాడు ఆడమనిషని సన్మానిస్తున్నాం. రెండుచోట్లా స్వరాలు వెనకబడ్డాయి. గాయక బృందం లెక్క వేరు: రిహార్సల్, ఆర్కెస్ట్రా ఖర్చు ఎవరి రచనకైనా తప్పదు, టికెట్లు మాత్రం బీథోవెన్ పేరుకే తెగుతాయి. ఏ వార్షికోత్సవమూ లేని ఏడాది, మామూలు శనివారం సాయంత్రం కచేరీలో దీన్ని పెట్టే బృందాలు ఎన్ని ఉన్నాయన్నదే నాకు ముఖ్యం.