బోర్డు గోడ మీద ఉంటే ఎవరికి ఇబ్బంది?

ఆన్‌లైన్ వైట్‌బోర్డు, అంటే అందరూ తమ ఫోన్లలోంచే చూస్తూ రాసుకునే బోర్డు, బెంగళూరు ఐటీ కంపెనీలకేగాని జీడిపప్పు ఫ్యాక్టరీకి ఎందుకని పలాసలో నన్ను అడగని పెద్దమనిషి లేడు. "వాట్సాప్ గ్రూపు ఉంది కదమ్మా" అంటారు. ఉంది. పొద్దున్నే గులాబీల శుభోదయాలు, వాటి కింద ఎవరిదో గృహప్రవేశ పత్రిక, ఆ కింద విజయవాడ వ్యాపారి ఆర్డరు, దాని వెనకే లారీ డ్రైవరు వాయిస్ మెసేజీలు. సాయంత్రం ప్యాకింగు వేళకు ఆ ఆర్డరు 240 కౌంటుకా, 320 కౌంటుకా అని అందరం ఫోన్లు తడుముకుంటాం. పౌనుకు 240 గింజల లోపు తూగే పెద్ద పప్పుకూ, 320 గింజల దాకా తూగే చిన్న పప్పుకూ ధరలో తేడా ఎంతో ఈ ఊళ్లో చెప్పనక్కరలేదు.

కన్సల్టెంట్లు చూపించే బాణం గుర్తులు, రంగురంగుల మేధోమథనాలు నాకూ గిట్టవు. మా బోర్డు మీద ఉన్నది మా పని వరుస. జీడిపిక్కలు ఎండబెట్టడం, ఆవిరి పట్టడం, కొట్టడం, బోర్మా అనే వేడి గదిలో ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగు, టిన్నుల ప్యాకింగు, ఒక్కోదానికి ఒక గడి. ప్రతి లాటుకు ఒక చీటీ. ఉద్దానం పిక్కకు పసుపు, ఆఫ్రికా నుంచి వచ్చిన పిక్కకు నీలం. పని అయిన వెంటనే మేస్త్రి తన ఫోనులో చీటీని పక్క గడిలోకి జరుపుతాడు. విశాఖలో అమ్మకాలు చూసుకునే మా తమ్ముడికి అది అప్పుడే కనిపిస్తుంది. పప్పు బోర్మాలోంచి దిగిందా అని అడిగే ఫోన్లు ఆగిపోయాయి. పైసా ఖర్చు లేదు. మిరో అనే వైట్‌బోర్డు యాప్‌లో ఉచిత ఖాతాకు మూడు బోర్డులు ఇస్తారు, మాకు ఒక్కటి చాలు. అలాంటిదే ఎక్స్‌కాలిడ్రా అయితే ఖాతా కూడా అడగదు.

చిక్కులు లేవని అనను. చిన్న ఫోనులో వేలు తగిలితే గడి గీతలే కదిలిపోతాయి, వాటికి తాళం వేసి ఉంచాలి. లింకు చేతికందిన ప్రతివాడూ మార్చగలిగేలా వదిలేయకూడదు. ధరలు, పార్టీల బాకీలు అసలే రాయకూడదు. గూగుల్ అంతటి సంస్థే జామ్‌బోర్డు అనే తన ఇలాంటి బోర్డునే 2024 డిసెంబరు 31తో మూసేసింది, అందుకే సాయంత్రం పూట బోర్డును దించుకుని ప్రింటు తీసి ఫైల్లో పెడతాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత కరెంటూ సిగ్నలూ లేక ఉద్దానం ఎలా అల్లాడిందో చూసినవారికి కాగితం ఎందుకో వేరే చెప్పాలా?

పెద్దమనుషుల అభ్యంతరాలు మాత్రం వీటిలో ఒక్కటీ కాదు. మా పెద్దనాన్నగారు ఒకే లాటును ఇద్దరు వ్యాపారులకు మాటిచ్చి, ఎవరు ముందు డబ్బు పంపితే వారికి లోడు ఎత్తించడంలో ఆరితేరినవారు. బోర్డు మీద రెండో ఆర్డరుకు చీటీ పెట్టబోతే దానికి లాటు లేదని అందరికీ తెలిసిపోతుంది. "వ్యాపారం నలుగురిలో పెట్టుకుంటారా అమ్మా" అని ఆయన బాధ. నలుగురూ అంటే ఎవరండీ? ఆయన మాట నిలబెట్టడానికి రాత్రి దాకా కూర్చునే మేం నలుగురమే.

దానికి మించిన కోపం ఇంకొకటుంది. పొట్టు తీసేవారికి కిలోల లెక్కన కూలి. ఆ కిలోలు ఇదివరకు గుమస్తా చిట్టాలోనే ఉండేవి. ఇప్పుడు షెడ్డులో పాత టీవీకి బోర్డు కలిపాను. ఎవరి వరుసకు ఎదురుగా వారి కిలోలు పడతాయి. ఒక అత్త చేతికున్న పొట్టు చీర కొంగుకు తుడుచుకుని టీవీ దగ్గరికొచ్చింది. "అమ్మా, నాది రెండు తూకాలైతే ఒకటే ఎక్కింది" అని చూపించింది. తూకం చీటీ తెచ్చి చూస్తే ఆమె చెప్పిందే నిజం. గుమస్తా అక్కడే సరిదిద్దాడు. మునుపైతే ఆ మాట వారం చివర, కూలి చేతికొచ్చాక వచ్చేది, అప్పుడు వినే నాథుడే ఉండడు.

అది చూసిన దగ్గర్నుంచి మరో ఫ్యాక్టరీ యజమాని మా ఇంటికి వచ్చినప్పుడల్లా నేను కూలివారికి నోరు నేర్పుతున్నానని పెద్దనాన్నగారికి చెబుతున్నాడు. తూకం సరిగ్గా వేసే షెడ్డుకు టీవీ వల్ల వచ్చే నష్టమేమిటో ఆయన ఇంతవరకు చెప్పలేదు. పెద్దనాన్నగారు మాత్రం టీవీని ఆఫీసు గదిలోకి మార్పించమంటున్నారు. మార్పించను.